మంచు బూట్లలోంచి తీసిన తోలు

పొద్దున లేవగానే రాజమణి చేసే మొదటి పని బూట్లు ఖాళీ చేయడం. ముప్పై ఏళ్లు అదే చేసింది. భర్త కైలాసం కుట్టి ఆరబెట్టిన బూట్లలో పాదం ఆకారపు కట్టె ఫర్మాలు ఉండేవి, ముడత పడకుండా కుక్కిన కాగితాలు ఉండేవి, ఒక్కోసారి తోలు ముక్కలు కూడా. అన్నీ లాగి గంపలో వేసి, బూట్లను పాత పేపర్లో చుట్టి పెట్టేది. ఇప్పుడు ఖాళీ చేయడానికి బూట్లు లేవు. కైలాసం పోయి రెండు నెలలైంది. చేతులు ఊరుకోక, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తుంది.

సంతోష్‌నగర్ గల్లీలో వాళ్ల ముందు గదే దుకాణం. కంచన్‌బాగ్ కార్మికుల ఇనుప ముక్కు బూట్లు, మలక్‌పేట గుర్రపు సవారీ వాళ్ల పొడుగు బూట్లు అక్కడికే వచ్చేవి. చీలమండ దగ్గర కూలబడిన బూటును మళ్లీ నిలబెట్టడంలో కైలాసానిదే పేరు. మాట తక్కువ మనిషి. పని బాగా కుదిరితే ఆ బూటును ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే చూసేవాడు. అదే ఆయన సంబరం.

ఆ పేరు వినే నిరుడు డిసెంబరులో హమ్మాద్ వచ్చాడు. పిల్లలకు స్కేటింగు నేర్పుతాడు. ఏటా చలికాలం గుల్మార్గ్ వెళ్లి మంచు మీద పలకెక్కి జారతాడు. సన్నటి, పొడుగాటి పలకను చంకన పెట్టుకుని వస్తుంటే ఇస్త్రీ బల్ల ఎక్కడ కొన్నావని ఎదురింటి గుండయ్య అడిగాడట.

ఆ పలక అంచు మీద వాలి మంచును కోసుకుంటూ మలుపు తిరగడానికి చేసింది. దాని మీద అందరూ గట్టి ప్లాస్టిక్ బూట్లే వేసుకుంటారు. హమ్మాద్ కాలెముకలో రాడ్ ఉంది, గట్టి బూటు నొక్కితే ప్రాణం పోతుంది. అందుకని మెత్త బూట్లు, వాటిని పట్టీలతో పలకకు బిగించే బైండింగులు తెచ్చుకున్నాడు. మెత్త బూటులో మాత్రం మలుపు దగ్గర చీలమండ నిలవదు.

కైలాసం పుట్టి మంచు ఎరగడు. హమ్మాద్‌ను పరుపు మీద పలక వేసి నిలబెట్టి, వాలమని, భారం ఎక్కడ పడుతుందో చేత్తో తడిమి చూశాడు. పలక వెడల్పు కన్నా బూటు పొడుగు. అడ్డంగా నిలబడితే ముక్కూ మడమా మంచుకు తగులుతాయని, వేళ్లు దాదాపు ముందుకు చూసేలా బైండింగులు తిప్పించాడు. పిక్క దగ్గర ఇంకో పట్టీ వేశాడు. చివరికి దళసరి తోలు రెండు పొరలు కుట్టి, తడిపి, ఫర్మా మీద వంచి, చీలమండకు రెండు వైపులా ఆనేలా బూటుకు రెండు చొప్పున నాలుగు రెక్కలు చేశాడు. మంచులో తడిస్తే తీసి ఆరబెట్టుకోవాలి కదా అని వాటిని లోపల కుట్టకుండా దోపి వదిలేశాడు. ఈ సంగతి హమ్మాద్‌కూ, రాజమణికీ చెప్పలేదు. బలం లోపల ఉంటుందిలే అన్నాడంతే.

జనవరిలో కైలాసం బీపీ గోలీల కోసం దవాఖానకు వెళ్లిన పూట హమ్మాద్ రైలు తొందరలో వచ్చాడు. రాజమణి ఎప్పటిలాగే బూట్లలో ఉన్నవన్నీ లాగి గంపలో వేసి, చుట్టి ఇచ్చింది. కైలాసం వచ్చి, ఇచ్చినవా అన్నాడు. ఇచ్చిన అంది.

ఫిబ్రవరిలో హమ్మాద్ కుంటుకుంటూ వచ్చాడు. వెళ్లిన తెల్లారే పోటీ అట. మొదటి మలుపులోనే బూటు మడత పడి, చీలమండ బెణికి, పోటీ పోయిందట. బూట్లు కూడా తేలేదు, మాట మాత్రం తెచ్చాడు.

"చెయ్యరాకపోతే రాదని చెప్పాలె గద చాచా. ఇది గుర్రాలోళ్ల బూటు గాదు."

గల్లీలో నలుగురూ విన్నారు. కైలాసానికి పనితనం పోయిందని చాయ్ బండి దగ్గర అనుకున్నారు. ఆయన సవారీ వాళ్లు తెచ్చిన రెండు జతల పొడుగు బూట్లను, నాతోని కాదు బాబూ అని వాపసిచ్చేశాడు. చలికి తోలు మెత్తబడిందేమోనని ఒక ముక్క తెచ్చి ఫ్రిజ్‌లో మంచు గడ్డల మధ్య పెట్టాడు. రోజూ తీసి వంచి చూసేవాడు.

ఒక బుధవారం గంప దులుపుతుంటే రాజమణి చేతికి నాలుగు రెక్కలూ దొరికాయి. చూడగానే అర్థమైంది. పట్టుకుని వెళ్లబోయేసరికి ఆయన ఫ్రిజ్ దగ్గర నిలబడి ఉన్నాడు.

"గట్టిగనే ఉన్నది మణీ. మరి యాడ తప్పిన్నో సమజైతలేదు."

రాజమణి నోరు తెరిచింది. వచ్చిన మాట, అన్నం తిందురా అని. తిడతాడని భయం కాదు, ఆయన ఏనాడూ తిట్టలేదు. ఆదివారం మటన్ వండి, కడుపునిండా తిన్నాక నిమ్మళంగా చెబుదామనుకుంది. శనివారం మధ్యాహ్నం కైలాసం పని పీట మీదే గోడకు ఒరిగాడు. మళ్లీ లేవలేదు.

కబురు ఆలస్యంగా తెలిసి హమ్మాద్ నిన్న వచ్చాడు. బూట్లు సంచిలో ఉన్నాయి. గడప దగ్గరే కూర్చున్నాడు. రాజమణి చాయ్ పెట్టలేదు, యోగక్షేమాలు అడగలేదు. రెక్కలు తెచ్చి ముందు పెట్టింది.

"ఇవి నీ బూట్లయి బేటా. ఫర్మాల లెక్కనే అనుకోని నేనే తీసేసిన. ఆయనకు తెల్వకుంటనే పోయిండు."

హమ్మాద్ వాటిని దోపి, బూట్లు తొడిగి, తాళ్లు బిగించి లేచాడు. మోకాళ్లు వంచి ముందుకు వాలాడు. చీలమండ కదల్లేదు. ఇంకా వాలాడు, నిలబడింది. మళ్లీ గడప మీద కూర్చుని, బూటు మీద చెయ్యి వేసి అన్నాడు:

"చాచాను నలుగుర్ల అంత మాట అన్న, చాచీ."

"నలుగుర్లనే చెప్పు మరి. నేను తీసిన్నని గూడ చెప్పు."

అతను ఆ బూట్లతోనే టకటకమంటూ చాయ్ బండి దగ్గరికి వెళ్లాడు. గుండయ్యను పిలిచి చెబుతుండడం రాజమణికి లోపలికి వినబడింది. వినవలసిన మనిషి పీట మాత్రం ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి, వచ్చే చలికాలం ఇవే వేసుకుంటాను, చుట్టి ఇవ్వమన్నాడు. రాజమణి పేపరు పరిచింది. రెక్కల అంచున కైలాసం ముడివేసిన దారం కొసలు వేలాడుతున్నాయి. అప్పగించే ముందు వాటిని కత్తిరించడం ఆమె పనే. కత్తెర తీసి, ఒక కొసను వేలి మీదికి తీసుకుని కాసేపు చూసింది.

కత్తెరను పక్కన పెట్టేసి, రెక్కలూ దారాలూ అట్లాగే ఉండగా బూట్లు చుట్టి అతని చేతికిచ్చింది.