ఇనుప ఒంట్లో మా పెద్దనాన్న

మా పెద్దనాన్న తొలెగెన్ మా ఊరు కరగండాలో గని కార్మికుల క్లబ్బులో బాక్సింగ్ నేర్పేవాడు. మా నాన్న ఎసెన్ ఆయన తయారుచేసిన మనిషే. అన్న పరుగెత్తమంటే పరుగెత్తేవాడు, తినమన్నదే తినేవాడు. మీసాలొచ్చినా ఇద్దరికీ నానమ్మ ఒకే పళ్ళెంలో వడ్డించేదట.

ఒక పెద్ద పోటీ ఫైనల్లో నాన్న కనుబొమ్మ చిట్లింది. రక్తం కారుతున్నా ముందుకే పోతున్నాడు. పెద్దనాన్న ఓటమి ఒప్పుకున్నట్టు బరిలోకి తువ్వాలు విసిరేశాడు. ఆట ఆగిపోయింది. అన్నదమ్ముల మధ్య మాటలూ ఆగిపోయాయి. పెళ్ళిళ్ళలో ఒకరు ఈ కొసన, ఒకరు ఆ కొసన కూర్చునేవారు. గుర్రప్పాలు పులియబెట్టి చేసే కుమిస్ గిన్నె పట్టుకుని మేం పిల్లలం అటూ ఇటూ తిరిగేవాళ్ళం.

ఇద్దరికీ పొట్టలొచ్చాక, అల్మాతీ నుంచి సినిమావాళ్ళు దిగారు. రోబోలు బాక్సింగ్ చేసే కాలం కథ అది. తుక్కులో దొరికిన రోబోను బాగుచేసుకుని ఒక తండ్రీ కూతురూ పోటీలకు తిరుగుతారు. రోబోలకు కదలికలు ఇవ్వడానికి పాత బాక్సర్లు ఇద్దరు కావాలన్నారు. క్లబ్బువాళ్ళు మావాళ్ళ పేర్లు చెప్పారు. రెండోవాడు ఎలాగూ రాడని ఎవరికి వారు ఒప్పేసుకున్నారు.

టీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ వెళ్ళాను. ఒళ్ళంతా కదలికల్ని కంప్యూటర్‌కి పట్టిచ్చే తెల్ల పూసలు అంటించిన నల్లటి బిగుతు బట్టల్లో ఎదురుపడ్డారు ఇద్దరూ.

“ఆ పొట్ట నీదేనా, సినిమావాళ్ళిచ్చారా?” అన్నాడు పెద్దనాన్న. అన్నేళ్ళకు అదే మొదటి మాట.

“ముందు నీ మోకాళ్ళు చూసుకో. ఆ చప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది,” అన్నాడు నాన్న.

ఉత్తుత్తినే కొట్టుకోమన్నాడు దర్శకుడు. నాన్న నిజంగానే కొట్టాడు. పెద్దనాన్న తిరిగి కొట్టలేదు, చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

“ఎందుకు విసిరావు?” అన్నాడు నాన్న, కొడుతూనే.

“నీ కన్ను పోయిందనుకున్నానురా.”

“నేను గెలిచేవాణ్ణి.”

“గెలిచేవాడివే. అయినా విసిరేవాణ్ణి.”

నాన్న చేతులు దించేశాడు. దర్శకుడు కొనసాగించమని అరుస్తున్నాడు. నాన్న వినిపించుకోలేదు. నా దగ్గరికొచ్చి, “మీ పెద్దనాన్నకి టీ పొయ్యమ్మా,” అన్నాడు.

ఆ సినిమా మా ఊళ్ళో ఆడినప్పుడు రెండు కుటుంబాలూ ఒకే వరుసలో కూర్చున్నాం. సినిమా మధ్యలో బరిలోకి దిగే ఒక పొడుగాటి తుప్పు రోబో అచ్చం పెద్దనాన్నలా ఎడమ భుజం ఎగరేసి అడుగేయగానే మా పెద్దమ్మ, “ఇదిగో, ఈయనే,” అని పక్కనున్న ముక్కూమొహం తెలియనావిడకి కూడా చెప్పింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం పెద్దనాన్న మా ఇంటికొచ్చేవాడు. నాన్నా ఆయనా వంటింట్లోనే కూర్చుని, గుర్రపు మాంసం కోసుకుంటూ, పాత పోటీల గురించి పోట్లాడుకునేవారు. ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు.

పెద్దనాన్న పోయి ఐదేళ్ళవుతోంది. ఆ సినిమా టీవీలో వస్తే నాన్న కుర్చీని దగ్గరికి లాక్కుంటాడు. చివర్లో కప్పు ఎవరు గెలుస్తారో ఆయనకు గుర్తే లేదు. తుప్పు రోబో ఆట అయిపోగానే లేచి, పొయ్యి మీద టీకి నీళ్ళు పెడతాడు.