ఎడమ నుంచి రెండో వాల్వు

జులై నెల, రెండో మంగళవారం, ఉదయం తొమ్మిదీ పది. స్థలం: తార్నాకలో మా ఫ్లాటు. హాజరైనవారు: నేను, నా భార్య సరోజిని, తల నిండా షాంపూ నురగతో కింది ఫ్లాటులో అద్దెకుండే పరిశోధక విద్యార్థిని స్వప్న, ఆలస్యంగా ప్లంబర్ యాదగిరి.

ఆనాటి డైరీలో ఇంతవరకే దస్తూరీ కుదురుగా ఉంటుంది. మిగతా పేజీ అలుక్కుపోయింది. ఎందుకో చెబుతాను. ఎనిమిదేళ్లయింది కనక ఇప్పుడు నేను కూడా నవ్వగలను.

అప్పటికి యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు పని నుంచి రిటైరై మూడు నెలలు. ముప్పై ఏళ్లు పుస్తకాలకు నంబర్లు వేసినవాణ్ని. అలాంటి నా బాత్రూంలో నల్లా కారడమా! నిమిషానికి పద్దెనిమిది చుక్కలు. లెక్కపెట్టే చెబుతున్నాను.

"యాదగిరికి ఫోన్ చెయ్యండి, లాలాగూడ నుంచి రావడానికి ఎంతసేపు!" అంది సరోజిని.

"వాషరు మార్చడానికి ప్లంబరా? నాలుగు వీడియోలు చూశాను."

"వీడియోలో ఆయన చేతికి పని తెలుసండీ. మీ చేతికి తెలుసా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పకూడదు. స్పానర్ తీసుకుని మేడెక్కాను.

ట్యాంకు దగ్గర నాలుగు ఫ్లాట్లకీ నాలుగు వాల్వులు, కవల పిల్లల్లా ఉంటాయి. నాకేం భయం? ఇంట్లో దిగిన రోజే డైరీలో పటం గీసి, 'ఎడమ నుంచి రెండోది మాది' అని రాసుకున్నాను. తరవాత ట్యాంకును మేడ మీద రెండో వైపుకి మార్చారు, వాల్వుల వరస తిరగబడింది. ఆ సంగతీ డైరీలో రాశాను. కాకపోతే వేరే సంవత్సరంలో రాశాను.

ఎడమ నుంచి రెండోదాన్ని ఎంత గట్టిగా బిగించానంటే, పిడి విరిగి చేతికొచ్చింది. బాగా మూసుకుందనడానికి ఇదే రుజువనుకుని జేబులో వేసుకున్నాను. దిగి వచ్చి, నల్లా విప్పాను.

మొదట నీరు పెళ్లివారి మీద పన్నీరులా చిందింది. ఆ వెంటనే అగ్నిమాపకదళం వచ్చినట్టు గోడలోంచి ధార బయలుదేరి, బాత్రూం దాటి హాల్లోకి వెళ్లింది.

"వాల్వు కట్టేశానన్నారు!"

"కట్టేశాను. ఇది పైపులో మిగిలిన నీళ్లే."

"ఎంత మిగిలాయండీ, హుస్సేన్‌సాగరంతా?"

చెప్పులు హాల్లో పడవల్లా తిరుగుతుండగా బెల్లు మోగింది. గుమ్మంలో స్వప్న. కళ్లు మూసుకుని, తల మీద పత్తి మూటంత నురగ.

"అంకుల్! మా నల్లాలన్నీ బందైనయ్. పదకొండింటికి నా పీహెచ్‌డీ వైవా ఉన్నది. ఆరేండ్ల కష్టం అంకుల్, గీ తలతోని క్యాంపస్‌కి ఎట్ల పోవాలె?"

జేబులో పిడి బరువెక్కింది. నేను మూసింది ఎవరి వాల్వో అప్పుడు తెలిసింది. తెరుద్దామంటే పిడి లేదు. యాదగిరికి ఫోన్ చేశాను.

"ఏది మీదో తెల్వకపోతే మిగిలినయన్నీ బంద్ చెయ్యుండ్రి సార్! వస్తున్న."

నేను మెట్లవైపు పరిగెత్తబోతే సరోజిని చొక్కా పట్టుకుని ఆపింది.

"అవీ కట్టేస్తే ఈ పిల్ల తల దేంతో కడుగుతాం? ఇల్లు తరవాత తుడుచుకోవచ్చు. రామ్మా, ఇలా కూర్చో."

స్వప్నను బాత్రూంలో స్టూలు మీద కూర్చోబెట్టింది. నేను భోజనం పళ్లెం అడ్డుపెట్టి ధారను ఆమె తల మీదికి వంచాను. సరోజిని నురగ వదిలించింది.

"అంకుల్, చెవులల్ల పోతున్నయ్!"

"పళ్లెం కొంచెం ఎడమకి వంచండి! మీ ఎడమ కాదు, అసలు ఎడమ!"

పదీ ఇరవైకి స్వప్న తడి జుట్టు ముడేసుకుని ఆటో ఎక్కింది. నేను వెళ్లి మిగిలిన మూడు వాల్వులూ మూశాను. అపార్ట్‌మెంటు మొత్తం ఏకగ్రీవంగా నన్ను తిట్టింది.

యాదగిరి వచ్చి పిడి చేతిలోకి తీసుకుని, చచ్చిన పిట్టను చూసినట్టు చూశాడు.

"వాషర్ మార్చుడు ఎవలైనా చేస్తరు సార్. కానీ వాల్వు మూసినంక నల్లా తిప్పి సూడాలె. నీళ్లు ఆగితేనే ఇప్పాలె. ఆగకపోతే స్పానర్ కింద పెట్టి, నాకు ఫోన్ కొట్టాలె. గంతే."

నాలుగు వీడియోల్లోనూ ఈ ముక్క ఉందట. నేను దాన్ని దాటేసి చూశాను.

మర్నాడు పొద్దున్నే స్వప్న మిఠాయి డబ్బాతో వచ్చింది. రాత్రంతా అడగలేక దాచుకున్న ప్రశ్న అడిగేశాను.

"ఏమయిందమ్మా?"

"జుట్టు గట్ల తడిసిందేందమ్మా అని ఎగ్జామినర్ సార్ మొదలే అడిగిండు. ఉన్నదున్నట్టు చెప్పిన. నవ్వి నవ్వి కండ్లద్దాలు తుడుసుకున్నడు. తర్వాత ప్రశ్నలు గట్టిగనే అడిగిండు గాని, నా భయం మొత్తం పోయింది. పాసైన అంకుల్!"

సరోజిని ఆమెను కావలించుకుని, ఆ చేత్తోనే నాకో తెల్లకాగితం ఇచ్చింది. ఆవిడ చెప్పినట్టు రాశాను: 'బ్రతికియున్నంత కాలము నీళ్ల పైపుల జోలికి పోననియు, స్పానరును కంటితో తప్ప చేతితో తాకననియు ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను.'

సాక్షులుగా ఇద్దరూ సంతకాలు చేశారు. స్వప్న పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తరవాత, జీవితంలో మొదటిసారి, తన పేరు ముందు 'డాక్టర్' అని రాసుకుంది.