ప్రభుదాసు అన్న మూయని మూత

తొమ్మిదేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకి చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు; అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. ఇది ధైర్యమో పిరికితనమో మీరే అనుకోండి.

అప్పట్లో నేను సముద్రం అడుగున సర్వే చేసే ఓడలో టెక్నీషియన్ని. మనిషంత పొడవుండే రెండు రోబోట్లు మాకుండేవి. నీళ్లలోకి దిగి, అడుగున ఏముందో ఫొటోలు, కొలతలు తీసుకుని పైకి వచ్చేవి. వాటికి ఏ తేడా వచ్చినా చూసేది ఇద్దరం: నేనూ, ప్రభుదాసు అన్నా. ఆయనది ముసునూరు, మాది నూజివీడు. మిగతావాళ్లంతా ఎక్కడెక్కడి వాళ్లో కావడంతో మేమిద్దరం ఒక ఇంటివాళ్లలా మసిలేవాళ్లం. నాకు ఆ ఉద్యోగం చూపించిందీ ఆయనే, పానా పట్టడం నేర్పిందీ ఆయనే.

రోబోట్ పొట్టలో బ్యాటరీ డబ్బా ఉంటుంది. దాని మూతకి ఒక రబ్బరు రింగు. అది శుభ్రంగా ఉంటేనే నీళ్లు లోపలికి రావు. అన్న ఆ రింగుని గుడ్డతో తుడిచి, వేలితో గ్రీజు పూసి, వెలుతురుకి పట్టి చూసి, మూత బిగించేవాడు. తర్వాత లోపలి గాలిని పంపుతో లాగి, మీటరు ముల్లు కదలకుండా నిలిచిందని చూశాకే పుస్తకంలో సంతకం పెట్టేవాడు. ఆపైన ఎవరు మూత తెరిచినా మళ్లీ పరీక్ష చెయ్యాలి, మళ్లీ రాయాలి. అది మా రూలు.

ఆ మే నెలలో నేను ఇంటి నుంచి ఒక పెట్టె చిన్న రసాలు ఓడలోకి తెచ్చాను. నాలుగో రోజుకి మాగాయి. మిగతావాళ్లు కత్తి తీస్తే నవ్వాను. రసాన్ని కోసి తింటారా ఎవరైనా? మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, పీల్చాలి. ఆ మధ్యాహ్నం అన్న మూత బిగించి, సంతకం పెట్టి, భోజనానికి వెళ్లాడు. నేను రోబోట్ పక్కనే కూర్చుని రెండో పండు పీలుస్తున్నాను. లోపల ఒక వైరు సరిగ్గా గుచ్చానా లేదా అని అనుమానం వచ్చింది. చేతులు ప్యాంటుకి తుడుచుకుని మూత తెరిచాను. వైరు బాగానే ఉంది. బిగించేశాను. పరీక్ష చెయ్యలేదు. రాయలేదు. అరగంట పని, అంతే. బద్ధకమా? నా పని మీద నాకే నమ్మకం లేదని అన్నకి తెలుస్తుందన్న సిగ్గా? రెండూ అయ్యుండాలి.

దించిన గంటకి రోబోట్ నుంచి సిగ్నల్ ఆగిపోయింది. కరెంటు పోతే అడుగునున్న బరువు వదిలేసి పైకొచ్చే ఏర్పాటు దానికుంది. అలా ఎక్కడో తేలితే, మర్నాడంతా వెతికి తాడేసి లాగాం. మూత నేనే తెరిచాను. ఉప్పునీళ్లు, కాలిన వాసన. రింగు మీద అడ్డంగా ఒక మామిడి పీచు, వెంట్రుకంత. మా వైపు వాడు దాన్ని పోల్చుకోలేకపోవడమా? గోటితో తీసి ప్యాంటుకి రాసేశాను. ఆలోచించి చేశానా అంటే చెప్పలేను, చెయ్యి దానంతటదే చేసింది. తర్వాత నోరు చేసినదానికి మాత్రం నా దగ్గర ఏ సాకూ లేదు.

అన్న గబగబా వచ్చాడు. "ఏంటి తమ్ముడూ, ఏమన్నా కనిపించిందా?"

"ఏం లేదన్నా. రింగు సరిగ్గా కూర్చోలేదేమో."

ఆయన రింగు తీసుకుని చాలాసేపు వేళ్ల మధ్య తిప్పాడు. "అయితే నా చేతి తప్పేరా. చివర బిగించింది నేనే కదా."

పుస్తకమూ అదే చెప్పింది. ఓడ సగం పనితో వెనక్కి తిరిగింది. తర్వాతి ప్రయాణానికి ఆయన్ని పిలవలేదు. నన్ను పిలిచారు. వెళ్లాను. ఆయన చేసిన పనే మూడేళ్లు చేశాను.

ఇప్పుడు అన్న ముసునూరులో తోటల బోరు మోటార్లు బాగుచేస్తాడు. నేనూ ఓడ మానేసి ఇంటికొచ్చేశాను. ఆయన పని బాగానే సాగుతోంది కదా, పాతవన్నీ తవ్వి ఏం లాభం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చాలాకాలం అది నమ్మాను కూడా.

కిందటి వారం మా తోటలో మోటారు కాలిపోతే ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. అదీ నీళ్లలో మునిగి ఉండే మోటారే, దానికీ రబ్బరు రింగు ఉంటుంది. అన్న తుడిచాడు, గ్రీజు పూశాడు, వెలుతురుకి పట్టి చూశాడు. మళ్లీ తుడిచాడు. మళ్లీ చూశాడు. మూడోసారి కూడా అయ్యాక రింగు నా ముందుకు చాపి, ఒకసారి నువ్వు చూడు తమ్ముడూ అన్నాడు. ఓడ దిగినప్పటి నుంచీ ఇంతేనట. పక్కన ఎవరో ఒకరు చూసి బాగుందంటే తప్ప మూత పెట్టలేడట. నవ్వుతూనే చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతే ఇంకో పని దొరికింది ఆయనకి, తన చేతి మీద నమ్మకం మాత్రం తిరిగి దొరకలేదు.

రింగు చూశాను. బాగుందన్నా అన్నాను. మిగతాది కూడా చెప్పేద్దామని నోరు తెరిచేలోపు, నా మాట నమ్మి ఆయన మూత బిగించేశాడు.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ఓడలో చివర మూత బిగించింది నేను. ప్రభుదాసు అన్న కాదు. రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆయనకి ఇంకా తెలియదు.