పొద్దుటి ఫోను

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మా వదిన విషయంలో ఆ సామెత పనిచెయ్యలేదు. నామీద పెత్తనం చెయ్యడానికి అసలు ఆవిడకు తీరికేదీ? పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఆపరేటరు. పొద్దున చెవులకు తగిలించుకున్నది సాయంత్రానికి గాని తీసేది కాదు. ఏ డాక్టరు ఏ వార్డులో ఉన్నాడో, ఏ డాక్టరు ఎవరి ఫోనుకు దొరక్కూడదో అన్నీ ఆవిడకు తెలుసు. గొంతు కలకండ. పేషెంట్ల తాలూకు వాళ్ళు కంగారుగా ఫోను చేస్తే, అసలు మనిషికి కలిపేలోపే సగం కుదుటపడేవాళ్ళు.

అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక ఆ గది ఎత్తేశారు. మిగిలిన సర్వీసంతా రికార్డుల గదిలో దుమ్ము దులుపుతూ పూర్తిచేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. మాతో ఉండమంటే "దూరంగా ఉంటేనే దగ్గరగా ఉంటాంలే" అని మూడో అంతస్తులో రెండు గదులు తీసుకుంది. అంతమందిని కలిపిన మనిషికి తనకంటూ ఒక్క ఫోను రాదు. బ్యాంకువాళ్ళు రికార్డు చేసి పంపే మాటలు వస్తే చివరిదాకా విని, "అలాగేనండి" అని పెట్టేసేది. అది మనిషి కాదు వదినా అన్నాను ఓసారి. "తెలుసు. మధ్యలో పెట్టేస్తే బాగుండదు" అంది.

అప్పుడు దొరికింది ఎక్స్‌రే ఆవిడ. వదినతో పాటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. మనుషుల లోపలిదంతా చూసీచూసీ ఆరితేరిన మనిషి. కుళాయికి బిగించే నీళ్ళ ఫిల్టరు ఒకటి పట్టుకొచ్చింది. ఇది కొంటే సభ్యురాలివి, నువ్వు ఇంకొకరిని చేరిస్తే నీకు కమీషను, వాళ్ళు మరొకరిని చేరిస్తే అందులోనూ నీకు వాటా అంది. నాకెందుకో అత్త సొమ్ము అల్లుడి దానంలా తోచింది గాని, నోరు మూసుకున్నాను. వదిన చేరింది.

మర్నాటి నుంచి పొద్దున్నే ఫోను. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని వదిన ఎదురుచూసేది. "లేచావా? మోకాలు ఎలా ఉంది? రాత్రి నిద్ర పట్టిందా?" అని ఎక్స్‌రే ఆవిడ అడిగేది. వదిన మోకాలి గురించి వివరంగా చెప్పేది. చివర్లో, "అన్నట్టు, ఈ నెల సరుకు తీసుకున్నావా?" అనేది ఆవిడ. నెలనెలా సొంతానికి ఏదో ఒకటి కొనకపోతే సభ్యత్వం నిద్రపోతుందట, పైవాళ్ళ కమీషనూ పడదట. అలా కొన్న, ఫిల్టరు లోపల మార్చే క్యాండిళ్ళ డబ్బాలు మంచం కింద నిండి, బీరువా మీదికెక్కి, చివరికి వంటింట్లో పప్పుల డబ్బాల పక్కన చోటు సంపాదించుకున్నాయి.

వదిన కింద చేరింది మాత్రం ఒక్కతే, వీధి చివర బట్టలు కుట్టే అమ్మాయి. ఆ అమ్మాయిని ముందుగదిలో కూర్చోబెట్టుకుని ఫోనులో ఎలా మాట్లాడాలో వారం రోజులు నేర్పింది. మళ్ళీ ఆపరేటరు కుర్చీ ఎక్కినంత సంబరం ఆ మొహంలో.

అమ్మడం ఒక ఎత్తు, ఆ తర్వాతది ఒక ఎత్తు. ఎవరింట్లో ఫిల్టరు కారినా వదినకే కబురు. చేతిసంచిలో స్పానరు, రబ్బరు వాషర్లు వేసుకుని, మోకాలు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళేది. నెల తిరిగేసరికి ఆవిడకొచ్చేది ఆటో ఖర్చుకు కూడా చాలేది కాదు. మా ఆయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా, ఇలాంటివి ఆయనకు సహించవు. ఓ ఆదివారం మా ఇంట్లో పట్టుకున్నాడు.

"అక్కా, నీళ్ళు కారితే ఎక్కేది నువ్వు, దిగేది నువ్వు. కమీషను పోయేది పైన కూర్చున్నావిడకి. ఇదేం న్యాయం?"

"ఆసుపత్రిలో ఆపరేషను చేసేవాడికో జీతం, వాణ్ణి ఫోనులో పిలిచే నాకో జీతం. అప్పుడు అడగలేదేంరా?"

"అక్కడ ఫోను కలపాలంటే నెలనెలా నువ్వే ఫోను కొనుక్కోవాల్సిన పని లేదుగా."

వదిన పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. వాదనలో ఓడిపోయిందనే అనుకున్నాం. తల ఎత్తకుండానే, "రోజూ ఫోను చేస్తుందిరా" అంది. మా ఆయన తల వంచుకుని అన్నం తిన్నాడు. తమ్ముడై ఉండి తను చెయ్యడు మరి.

తమ్ముడి ముందు ఒప్పుకోలేదు గాని, ఆ కమీషను మాట ఆవిడ మనసులో ఉండిపోయినట్టుంది. తర్వాతి నెల ఫిల్టరు కంపెనీ మీటింగుకు తోడుగా నన్నూ తీసుకెళ్ళింది. అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద కోటు వేసుకున్న పెద్దమనిషి. సందేహాలుంటే అడగండి అన్నాడు. అలా అన్నప్పుడు ఎవరూ అడక్కూడదన్నది రివాజు. మా వదిన లేచింది.

"అమ్మాక రిపేరుకి వెళ్ళేది మేమేనండీ. దానికి కంపెనీ ఏమిస్తుంది?"

"అది సేవ, అమ్మా. సేవకు వెల కట్టకూడదు."

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఆగేదాకా ఓపికగా నిలబడింది వదిన. "మరి నేను కొనే డబ్బాలకు కడుతున్నారు కదండీ" అంది, వార్డు నంబరు చెప్పినంత నెమ్మదిగా. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ఎక్స్‌రే ఆవిడ వదిన చెంగు పట్టి లాగి కూర్చోబెట్టింది. నాకు మాత్రం ఈలవేయాలనిపించింది.

ఆ నెల వదిన సరుకు తీసుకోలేదు. తీసుకోనని ఎక్స్‌రే ఆవిడతో ఫోనులో చెప్పేసింది. "నీ ఇష్టం" అందట ఆవిడ. మర్నాడు ఫోను రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఓ పొద్దున నేను వెళ్ళేసరికి కాఫీ చల్లారి మీగడ కట్టింది. వదిన ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఎక్స్‌రే ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో అంది. ఊళ్ళో లేదేమో అంది. ఆవిణ్ణి నేను ఆ పొద్దున్నే మా వీధి కూరల బండి దగ్గర చూశాను. చెప్పబుద్ధి కాలేదు. ఇద్దరం డబ్బాల మధ్య కూర్చున్నాం. ఆ గదిలో మనిషికన్నా క్యాండిళ్ళకే చోటెక్కువ. నాకు చాలా బాధేసింది.

"పోనీ, కుట్టుపని అమ్మాయికి చేస్తాను" అంది హఠాత్తుగా. "పాపం, దానికీ ఎవరూ లేరు. ఇద్దరం వినేలా స్పీకరులో పెడతా, నువ్వూ పలకరించు."

అవతల మిషను చప్పుడు. "చెప్పండక్కా. ఈ నెల సరుకు నా వల్ల కాదు."

"సరుక్కోసం కాదమ్మా. నేనూ మానేశాను. ఊరికే చేశాను."

మిషను ఆగింది. ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, పాఠం అప్పజెబుతున్నట్టు ఉంది. "అలాగే మొదలుపెట్టాలని మీరేగా నేర్పారక్కా. ముందు ఊరికే చేశానని చెప్పాలి. ఒంట్లో ఎలా ఉందో అడగాలి. సరుకు మాట చివర్లో తేవాలి. ఇప్పుడు అర్జెంటు బ్లౌజులున్నాయక్కా, ఉంటాను."

"సరేనమ్మా, ఉంటాను" అంది వదిన. అదే పాత ఎక్స్ఛేంజి గొంతు. కానీ ఆ అమ్మాయి అప్పటికే పెట్టేసింది.

ఫోనును ఒక డబ్బా మీద బోర్లా పెట్టింది. "ఆ పాఠం నాకు ఎక్స్‌రే ఆవిడే చెప్పింది" అంది. "బయటివాళ్ళ కోసమనుకున్నాను."

లేచి కాఫీ వేడిచేసి తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. పక్కన కూర్చుని, ఆవిడ ఎప్పుడూ నొప్పి అని చూపించే చోట చెయ్యి వేశాను.

"మోకాలు ఎలా ఉంది వదినా?"

ఆవిడ నా వైపు తిరిగి చూసింది.

"నువ్వేం అమ్ముతున్నావే?" అంది.

హాస్యానికేమోనని మొహంలోకి చూశాను. నా జవాబు కోసం ఎదురుచూస్తోంది.