నాయన తూచిన ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో అనగానే ఎడ్లబండ్ల కాలం సంగతేదో చెప్పబోతున్నానని అనుకునేరు. అంత వయసు నాకింకా రాలేదు. నేను చెప్పే ఆ రోజుల్లో కూడా గద్వాలలో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. మా అవ్వ సైతం ఫోన్లో వంటలు చూస్తూ "గన్ని ఎల్లిగడ్డలు ఎవలన్న ఏస్తరా, ఈమె మొగుడు ఎట్ల తింటుండో పాపం" అని ఆ వంటామెను తిడుతుండేది. మా వీధిలో లేనిదల్లా ల్యాప్‌టాప్ ఒక్కటే. మగ్గం కావాలంటే ఎవరిని అడగాలో మా దగ్గర చిన్నపిల్లలు కూడా చెప్తారు. మంచి జరీ ఏదో చెప్పడానికి నలుగురు పోటీ పడతారు. ల్యాప్‌టాప్ అనేసరికి మాత్రం అందరమూ నోళ్లు వెళ్లబెట్టాం. తెలియని వస్తువు కొనేటప్పుడు మనిషి తనకు తెలిసిన వస్తువును కొన్నట్టే కొంటాడని నాకు అప్పుడే తెలిసింది. తెలిసేసరికి కొనడం అయిపోయింది, అది వేరే సంగతి.

మా నాయన గద్వాల చీరలు నేస్తాడు. నేను వనపర్తిలో హాస్టల్లో ఉండి వస్త్రాల డిజైన్ డిప్లొమా చదువుతూ, శనివారం సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. (చదువుతున్నది మొదటి ఏడే అయినా, వీధిలో నడక మాత్రం ప్రిన్సిపాల్ నడకలా ఉండేదని మా అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.) అంతవరకు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుకుంటూ హాయిగా ఉన్న మాకు ఒకరోజు డిజైన్ సారు పిడుగులాంటి మాట చెప్పాడు. నెలాఖరులోగా ఒక్కొక్కరు ఒక చీర అంచు మొత్తం కంప్యూటర్లో గీసి, ఆయన ముందు పూర్తి సైజులో తెరిచి చూపించాలి. "చూపించనోళ్లు ఈ ఏడు మళ్ల చదువుకుంటరు, నాకేం బాధ లేదు" అన్నాడు. ల్యాబులో కంప్యూటర్ల దగ్గర వరుస రేషన్ షాపు దగ్గరి వరుసను మించిపోయింది. నాకు వంతు వచ్చేసరికి గంట కొట్టేవాళ్లు. సొంతంగా ల్యాప్‌టాప్ లేకపోతే ఏడాది పోయినట్టే. ఆ భయం చూసి సారే ఒక చీటీ రాసిచ్చాడు. మెమరీ పదహారు ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి, కొత్తది అందకపోతే వాడినదైనా ఫరవాలేదు, సన్నగా ముద్దుగా ఉన్నవాటి జోలికి పోవద్దు. ఆ చివరి మాట కింద రెండు గీతలు కూడా గీశాడు.

కొనడానికి నాయన, నేను గద్వాలలో బస్సెక్కితే, ఆత్మకూరులో మా మామ ఎక్కాడు. మామకు అక్కడ పత్తి విత్తనాల దుకాణం ఉంది. మా ఇంట్లో ఎవరు ఏం కొన్నా బేరం ఆయనదే. "సంచి మీద బొమ్మ చూసి ఇత్తనం కొన్నోడు, పెట్టె మీద బొమ్మ చూసి మిషిని కొన్నోడు ఒక్కటే బావా. ముందుగాల మొలక చూడాలె" అని వనపర్తి వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. నాయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ తలూపాడు. ఆయన మనసులో అప్పటికే తన పద్ధతి తనకుంది.

దుకాణం సేటు మాకు అందే ధరలో రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్తది, సన్నది, వంకాయ రంగులో నిగనిగలాడుతోంది. రెండోది ఎవరో వాడి అమ్మినది, నల్లగా, మందంగా, మూలలు అరిగిపోయి ఉంది. "డిజైన్ పనికి ఈ నల్లదే మంచిది కాకా" అన్నాడు సేటు. నాయన ఆ మాట వినిపించుకోలేదు. రెండు చేతులూ లాల్చీకి తుడుచుకుని, కళ్లు మూసుకుని, వంకాయ రంగుదాన్ని అరచేతిలోకి తీసుకుని తూచాడు. బొటనవేలితో మూత నిమిరాడు. తర్వాత దాన్ని అమాంతం బోర్లా తిప్పాడు. సేటు గుండె పట్టుకుని "కాకా, పడేస్తవ్, పడేస్తవ్!" అని అరిచాడు. "చీరకు ముందటి దిక్కు అందరు చూస్తరు తమ్మీ. పనితనం ఎనక్కి తిప్పితే తెలుస్తది" అన్నాడు నాయన. అడుగున చిన్న చిన్న స్క్రూలు వరుస తప్పకుండా ఉన్నాయి. నాయనకు నచ్చింది. గద్వాల చీర ఎంత తేలికగా ఉంటే అంత విలువ. మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోవాలి. ఆ లెక్కన ఇది పట్టుచీరే.

తర్వాత నల్లదాన్ని ఎత్తాడు. మొహం చిట్లించి, "ఇది గొంగడి బిడ్డా" అన్నాడు. సేటు పట్టు వదలకుండా దాన్ని నడిపించి, ఏదో పెద్ద బొమ్మ తెరిచాడు. లోపలి ఫ్యాను గుర్రుమంది. అంతే, నాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏందిది, మరమగ్గం లెక్క మొత్తుకుంటుంది! మరమగ్గాలొచ్చి మన బతుకులు ఆగం చేసినయని ఇన్నేండ్లు తిట్టుకుంట, ఇప్పుడు దాన్ని తెచ్చి నడింట్ల పెట్టుకుందామా?" అన్నాడు. మొలక చూడాలన్న మామ కూడా ఆ చప్పుడుకు జడిసి, "గంత గుర్రు పెట్టేది ఎన్ని దినాలు బతుకుతది బావా" అన్నాడు. "నువ్వేమంటవ్ బిడ్డా, చదువుకున్నదానివి" అని ఇద్దరూ నా వైపు తిరిగారు.

ఇక్కడ నిజం చెప్పాలి. నాయన మీద నింద వేసి తప్పించుకోవడం సులువే, ఇన్నేళ్లూ అట్లాగే తప్పించుకున్నాను. కానీ సారు ఇచ్చిన చీటీ అప్పుడు నా గుప్పిట్లోనే ఉంది. రెండు గీతలతో సహా ఉంది. విప్పి చదివితే అయిపోయేది. కానీ నా కళ్లు ఆ వంకాయ రంగు మీద పడ్డాయి. దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని కాలేజీ గేటు దాటుతుంటే సీనియర్ అక్కలంతా తిరిగి చూస్తున్నట్టు ఒక దృశ్యం కళ్ల ముందు కదిలింది. "నాయన చెప్పిందే మంచిది" అన్నాను, బుద్ధిమంతురాలిలా. నా జన్మలో నాయన మాట అంత తొందరగా విన్నది ఆ ఒక్కరోజే. చీటీ చెమటకు తడిసి ముద్దయింది. సేటు నిట్టూర్చి, పెట్టెలో పెట్టిచ్చాడు.

ఇంటికి రాగానే అమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టింది. మూత మీద పెట్టి ఊరుకుంటే బాగుండేది. మగ్గానికి పెట్టినట్టు లోపల కూడా పెట్టాలని అక్షరాల మీటల మధ్య నాలుగుచోట్ల పెట్టింది. వీధి వీధంతా వచ్చి కూర్చుంది. నేను గొంతు సవరించుకుని డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచాను. తెర మధ్యలో చిన్న చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది. అందరూ ఆసక్తిగా చూశారు. చక్రం తిరిగింది. టీలు వచ్చాయి, తాగారు, చక్రం ఇంకా తిరుగుతోంది. మా అవ్వ కళ్లజోడు సర్దుకుని, దగ్గరికొచ్చి చూసి, "రాట్నమైతే మంచిగనే తిరుగుతుంది బిడ్డా, మరి నూలేది?" అంది. నవ్విన నవ్వుకు మా ఇంటి పైకప్పు ఎగిరిపోవాల్సింది. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని మీటలు నొక్కుతూ కూర్చున్నాను.

ఆ తర్వాతి పది రోజులు నేను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. దాని కింద తడిబట్ట పరిచాను, ముందు టేబుల్ ఫ్యాను పెట్టాను, ఎదురుగా కూర్చుని బతిమాలాను, ఒకసారి తిట్టాను కూడా. ఒక మామిడి పిందె గీస్తే ఒప్పుకునేది, రెండోది గీస్తే మూలిగేది. అంచంతా ఒక్కసారి చూద్దామంటే నల్లబడి పడుకునేది. ముక్కలు ముక్కలుగా గీసి ఎట్లాగో అంచు పూర్తి చేశానుగానీ, దాన్ని పూర్తి సైజులో నేనే ఒక్కసారి కూడా చూడలేదు. సారుకేం చూపిస్తాను? గడువుకు ఆరు రోజులుందనగా శనివారం ఇంటికొచ్చి, మగ్గం గుంటలో కూర్చున్న నాయన పక్కన నిలబడి భోరుమన్నాను. ఎండిన చీటీ విప్పి అంతా చదివాను. రెండు గీతలున్నాయని కూడా చెప్పాను.

నాయన అటూ ఇటూ పోగు నడిపే నాడె పక్కన పెట్టాడు. చీటీ తీసుకుని ఆ రెండు గీతలను బొటనవేలితో నిమిరాడు. చివరికి, "నేను చీర చూసేటప్పుడు నువ్వు నడుమ మాట్లాడితే తిడ్త కదా. ఇది నువ్వు చూడాల్సింది, నేను నడుమ మాట్లాడిన. నన్నెందుకు తిట్టలే?" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగాల్సింది పోయి ఇంకా ఎక్కువైంది. "రంగు మంచిగుందని ఊకున్న నాయనా" అన్నాను. నాయన నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకుని, "మీ అమ్మ పోలిక" అని తేల్చేశాడు. (అమ్మ పక్కగదిలోంచి ఏదో అంది, అది ఇక్కడ రాయను.)

మర్నాడే మళ్లీ వనపర్తి, మళ్లీ ఆత్మకూరులో మామ. సేటు పెట్టె తెరిచి, అక్షరాల మధ్య పసుపు చూసి, "ఏందమ్మా, దీనికి పెండ్లి చేసినరా?" అన్నాడు. వాపసు కుదరదన్నాడు. మామ ముందుకొచ్చి, "సేటూ, రైతు ఇత్తనం మొలవలేదని వస్తే నేను మాటతోని పంపిస్తనా? చేనుకు పోయి చూస్త. నువ్వు గిట్ల రెండింటిని పక్కపక్కన పెట్టి, పిల్ల బొమ్మ ఏయి. ఏది మొలుస్తదో నువ్వే చూడు" అన్నాడు. అది న్యాయంగా తోచి సేటు ఒప్పుకున్నాడు. వంకాయ రంగుది యథాప్రకారం రాట్నం తిప్పింది. నల్లది ఒక్కసారి గట్టిగా గుర్రుమని, నా అంచును ఈ చివర నుంచి ఆ చివరదాకా తెరిచేసింది. మామిడి పిందెలు, వాటి మధ్య చిన్న నెమళ్లు, ఎరుపు మీద జరీ. దుకాణంలో ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా మెడలు చాచారు. సంతోషంతో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

నేను నాయన మొహం చూశాను. శభాష్ అంటాడని. ఆయన తెరకు ముక్కు ఆనించి, వేలుతో ఒక నెమలి తోక దగ్గర ఆగాడు. "ఇది నేస్తే నిలవదు బిడ్డా" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. "ఈ జరీ పోగు చూడు, నడుమ ఏడా కట్టు లేకుండ ఇంత దూరం పోయింది. చీర కట్టుకున్నామె గాజుకు తగులుకొని లేస్తది. ఇక్కడొకటి, ఇక్కడొకటి కట్టు పడాలె. తోక అందం ఏం పోదు." నేను కుర్చీ లాక్కున్నాను. ఆయన చూపించడం, నేను దిద్దడం. ఒక పిందె తర్వాత ఇంకో పిందె, ముప్పై నెమళ్లు. మరమగ్గంలా ఆ ఫ్యాను మొత్తుకుంటూనే ఉంది, నాయనకు వినిపించినట్టే లేదు. సేటు రెండుసార్లు చాయ్ తెప్పించాడు. చివరకు తనే, "తీస్కపో కాకా, నాకే ఇయ్యబుద్ధి అయితుంది" అని, పసుపు కడిగే ఖర్చు మాత్రం పట్టుకుని మార్చి ఇచ్చాడు. నాయన మారు బేరమాడకుండా ఒప్పుకోవడం చూసి మామ దారంతా బెంగపెట్టుకున్నాడు.

శుక్రవారం సారు ముందు అంచు తెరిచాను. ఆయన చాలాసేపు చూసి, "నెమలి తోక కాడ పోగులు ఇట్ల కట్టాలని నీకెవరు చెప్పిండ్రు? నేనింకా ఈ పాఠం చెప్పనేలేదు" అన్నాడు. క్లాసంతా నా వైపు చూస్తోంది. "చూసుకుంట పోతుంటే నాకే తెలిసింది సార్" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఏడాది నిలబడింది. ఆ చప్పట్లు బస్సెక్కేదాకా బాగానే ఉన్నాయి.

శనివారం ఇంట్లో అన్నం తింటూ నాయన అడిగాడు. "సారు ఏమన్నడు బిడ్డా?"

"పోగులు గట్ల కట్టాలని ఎవరు చెప్పిండ్రని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"మా నాయన చెప్పిండన్న."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. నాయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. గబగబా చేయి కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లాడు. చాయ్ హోటల్లో చెప్పాడు, రంగులద్దే వాళ్ల దగ్గర చెప్పాడు, దారిలో ఎదురైన ఆటోను ఆపి మరీ చెప్పాడు. ఆదివారం పొద్దుటికి ఇద్దరు నేతగాళ్లు వచ్చి "వనపర్తి సారు అడిగిండంట గద" అని నన్నే నిజం చెప్పమన్నారు. సాయంత్రానికి ఆత్మకూరు నుంచి మామ ఫోను. "బావను కాలేజీల పాఠం చెప్పనీకి పిలిచిండ్రంటనే!" ఆ రాత్రే నేను సంచి సర్దుకున్నాను.

సోమవారం మొదటి బస్సుకే బయల్దేరాను. సారు సెలవు పెట్టకుండా చూడమని దారిలో కనబడ్డ ప్రతి గుడికీ మొక్కుకున్నాను. (సారు రావాలని మొక్కుకున్న విద్యార్థిని ఆ కాలేజీలో బహుశా నేనొక్కదాన్నే.) ఆయన స్కూటర్ స్టాండు వేయకముందే ఎదురెళ్లి, "సార్, ఆ పోగుల సంగతి మా నాయన చెప్పిండు. నేను అబద్ధం చెప్పిన" అన్నాను. సారు హెల్మెట్ తీసి నన్ను ఎగాదిగా చూసి, నా అంచు ముద్రించిన కాగితం తెప్పించి, నాయన పేరేమిటో అడిగి, నా పేరు కింద ఆ పేరు రాశాడు. తర్వాత, "ఒకరోజు తీస్కరా, మా పిల్లలకు చెప్తడు" అన్నాడు.

అట్లా మా నాయన ఊరంతా చెప్పుకున్న మాట నిజమైంది. ఇప్పుడు గద్వాలలో చాలా మగ్గాలకు అంచులు నేనే గీస్తున్నాను. ఏ ల్యాప్‌టాప్ కొనాలక్కా అని అడిగే పిల్లలకు బోలెడు నీతులు కూడా చెప్తున్నాను. వాళ్లకు చెప్పనిది ఈ మూడు రోజుల సంగతొక్కటే. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య తను వీధంతా చాటింది ఇంకా జరగని సంగతని నాయనకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. తెలిస్తే కోపం చేస్తాడేమోనని కాస్త బెదురుగానే ఉందిగానీ, ఏమంటాడో నాకు తెలుసు. మీసం సవరించుకుని, "అయితే ఏమైంది బిడ్డా, నేను జర ముందుగాల చెప్పిన, నువ్వు జర ఎనక చెప్పినవ్" అంటాడు.