పాటకు చేపిన బర్రె

మా అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. రావాలని కూడా ఆమె అనుకోలేదు. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. మా నాయన మార్కాపురం సంతలో సాయిబులతో ఉర్దూ, చెన్నపట్నం వ్యాపారులతో అరవం ఎలాగో నెట్టుకొచ్చేవాడు. అమ్మ మాత్రం ఎవరొచ్చినా తెలుగే మాట్లాడేది. వాళ్లకు అర్థం కాకపోతే ఇంకాస్త గట్టిగా మాట్లాడేది. గొంతు పెంచితే లోకంలో ఎవరికైనా తెలుగు వస్తుందని ఆమె నమ్మకం.

తమ్ముడు నెలల పిల్లాడుగా ఉన్నప్పుడు అమ్మకు పాలు ఇంకిపోయాయి. వాడు ఏడ్చి ఏడ్చి నీరసపడుతుంటే చూడలేక నాయన పెద్దారవీడు అవతల, అడవి అంచున ఉన్న తండాలో ఒక పాడిబర్రెను కొని తోలుకొచ్చాడు. మర్నాడు పొద్దున్నే అమ్మ దూడను విడిచి, పొదుగు కడిగి, చెంబు పట్టుకుని కూర్చుంది. బర్రె చేపలేదు. చుక్క పాలు దించలేదు. అమ్మ బతిమాలింది, తిట్టింది, అలవాటు ప్రకారం గొంతు పెంచింది. అది చెంబును ఒక్క తన్ను తన్నింది.

"దానికి మన మాట యాడ తెలుస్తాది? పుట్టినకాడి నుంచి లంబాడీ మాటే విన్నది," అన్నాడు నాయన.

"అయితే నన్నేం జేయమంటావు? ఇంతదాన్నైనాక లంబాడీ నేర్చుకోమంటావా?" అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాకూ భయమేసింది. ఆ పూట పక్కింట్లో అడిగి తెచ్చిన పాలే తమ్ముడికి పట్టాం.

నాయన కబురు పెడితే బర్రెను అమ్మిన లంబాడీ ఆమె వచ్చింది. ఆమెకు కట్టెలమ్ముకునేంత తెలుగే వచ్చు. బర్రె పక్కన కూర్చుని తన భాషలో ఏదో సన్నగా పాడింది. అంతే, చెంబు నురగతో నిండింది.

తర్వాత రోజూ వచ్చేది. ఆమె పాడుతుంటే అమ్మ బర్రె మెడ నిమురుతూ తన ధోరణిలో తెలుగు చెప్పుకుంటూ పోయేది. మెల్లగా పితకడం కూడా అమ్మే అందుకుంది. ఒకరోజు వాన పట్టుకుని ఆమె రాలేకపోయింది. అమ్మ భయపడుతూనే కూర్చుని, "నా తల్లి గదూ, చేపవే," అంది. బర్రె చేపింది. ఇక అమ్మ గొప్పలు చూడాలి! ఆ సంగతి వినని ఇల్లు మా వీధిలో లేదు.

కొన్నాళ్లకు లంబాడీ ఆమె బర్రెను చూసిపోదామని వచ్చి, వాకిట్లోంచే తన భాషలో పిలిచింది. బర్రె పలుపు తెంచుకున్నంత పని చేసింది. అమ్మ ముఖం కాస్త చిన్నబోయింది. వెంటనే నవ్వేసింది.

"మా ఇంట్లో రెండు మాటలూ దీనికొక్కదానికే వచ్చినాయి, వదినా," అంటూ బొద్దుగా తయారైన తమ్ముణ్ణి తెచ్చి ఆమె ఒళ్లో కూర్చోబెట్టింది. "నాకు ఎట్లాగూ రాలేదు. నీ పాట వీనికి గూడా పాడు."