ఒడ్డున పాతిన గుంజ

మొన్న పొద్దున్నే కొట్టు షట్టరు సగం ఎత్తానో లేదో, ఫోను. మా బడి లెక్కల మాస్టారు పోయారట. షట్టరు అలాగే వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయాను.

భోగాపురం దగ్గర సముద్రపొడ్డు ఊరు మాది. బడికి ఎదురుగానే నా కొట్టు. పెన్సిళ్లు, వల దారం, తాళ్లు, మరమరాలు, ఏం కావాలన్నా ఉంటాయి. మాస్టారేమో కోటబొమ్మాళి వైపు వరి రైతుల ఇంటి మనిషి. వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు చెవి మీద సుద్దముక్క పెట్టుకుని తిరిగేవారు. పడవలొచ్చే వేళకి క్లాసు ఖాళీ అయినా తిట్టేవారు కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు గేటు దగ్గర ఒక లెక్క చెప్పి లోపలికి వెళ్లాలి, అంతే.

ఒకసారి ఆరో తరగతి పిల్లని ఆపి, మూడున్నర కిలోల వంజరం ఎంతకి అమ్ముతావని అడిగారు. ఆ పిల్ల నడుం మీద చెయ్యేసుకుని, “సేప సూడకుండా రేటేటి సెప్తాను మాస్టారూ?” అంది. ఆయన నవ్వాపుకోలేక వచ్చి నా బల్ల మీద కూలబడ్డారు. “సావుకారూ, ఈళ్ల కాడ బేరం నేర్సుకోడానికే నా సర్వీసు సరిపోతాది” అన్నారు.

ఆయనకి ఒక్కటే బెంగ. మా బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి పక్క ఊరి హైస్కూలుకి వెళ్లాలి. అక్కడి పిల్లలు చేపల కంపని ముక్కు మూసుకుంటారని, మావాళ్లు చదువు మానేసి పడవెక్కేసేవారు. ఎనిమిదేళ్ల కిందట మండలం ఆటల్లో తాడులాగుడు మాకూ ఆ హైస్కూలుకీ పడింది. అక్కడ కూడా నవ్వులపాలైతే ఒక్కడూ ఆ గేటు తొక్కడని మాస్టారికి తెలుసు.

సాధనకి తాడు నేనిచ్చాను. ఆరో తరగతి ఒకవైపు, ఏడో తరగతి ఒకవైపు. మా ఒడ్డున అలివి వల లాగేటప్పుడు, వెనక చివరకి చేరినవాడు తాడు వదిలి నీళ్ల దగ్గరకి పరుగెత్తి మళ్లీ ముందు పట్టుకుంటాడు. పిల్లలూ అదే చేశారు. రెండు వైపులా చివరివాళ్లు పరుగెత్తుకొచ్చి మధ్యలో గుద్దుకున్నారు.

ఎంత చెప్పినా కాళ్లు వినలేదు. ఆఖరికి మాస్టారు, ఏడో తరగతి ఎల్లాజీని పడవ కట్టే గుంజ దగ్గరకి తీసుకెళ్లారు.

“ఒరే, నువ్వు లాగీవోడివి కాదు. ఈ గుంజవి. గుంజ పరిగెడతాదేటిరా?”

పోటీ రోజు కొట్టు కట్టేసి నేనూ వెళ్లాను. తాడు చివర ఎల్లాజీ మడమలు ఇసకలో దిగేసి కళ్లు మూసుకున్నాడు. మావాళ్లు హైలెస్సా అంటూ వల లాగినట్టే లాగారు. హైస్కూలు జట్టు జట్టంతా గీత ఇవతలకి వచ్చి పడింది. ఊరంతా ఈలలు. ఎల్లాజీ మాత్రం కళ్లు తెరవలేదు.

“ఇప్పుడొదిలీమంటారా మాస్టారూ?”

జూన్‌లో ఆ క్లాసు క్లాసంతా హైస్కూలుకి నడిచి వెళ్లింది. మాస్టారు నా బల్ల మీద నిలబడి మరీ చూశారు.

ఆ పిల్లలే ఆ కబురు విని, వ్యాను మాట్లాడుకుని నాతోపాటు కోటబొమ్మాళి వైపు మాస్టారి ఊరికి వచ్చారు. నర్సింగ్ చదివే అమ్మాయి ఉంది, డిగ్రీవాళ్లున్నారు. ఎల్లాజీ ఐటీఐ చేసి గరివిడిలో పని చేస్తున్నాడు. పాడె పొలంగట్టు మీద వెళ్తుంటే పిల్లలు ఒకరి తరవాత ఒకరు బురదలో దిగి భుజాలు మార్చుకున్నారు. మాస్టారి తమ్ముడు ఎల్లాజీని కూడా మారమన్నాడు. వాడు తల అడ్డంగా ఊపాడు.

గట్టు చివరిదాకా వెనక కర్ర కింద వాడి భుజమే ఉంది.